పుతిన్ మీద వారెంటు ఉంటే ఢిల్లీలో మనం ఎందుకు పట్టుకోలేదు? పందెం కాశాం, తెలిసినవాళ్ళు చెప్పండి

కందుకూరు కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది కందుకూరు. ప్రకాశమా నెల్లూరా అని మాత్రం అడక్కండి, అటూ ఇటూ తిప్పేసరికి మాకే విసుగొచ్చింది.

విషయం ఏంటంటే మా బాబాయ్ టీ కొట్టు దగ్గర వారం రోజులుగా ఒకటే గొడవ. 2025 డిసెంబర్‌లో పుతిన్ ఢిల్లీ వచ్చాడు కదా, మోదీ గారే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి ఒకే కారులో తీసుకొచ్చారు, అందరం టీవీలో చూశాం. ఆ పుతిన్ మీద 2023 మార్చిలోనే నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ కోర్టు అరెస్టు వారెంటు ఇచ్చింది, ఉక్రెయిన్ పిల్లల్ని రష్యాకి తరలించారన్న కేసులో. వారెంటున్న మనిషి మన గడప తొక్కితే పట్టుకోవాలా వద్దా అని మా ఫ్రెండు. మా బాబాయేమో అది ఉత్త కాగితాల కోర్టురా, దానికి పోలీసు లేడు లాఠీ లేదు, ఆఫ్రికా వాళ్ళని బెదిరించడానికి తెల్లోళ్ళు పెట్టుకున్న దుకాణం, పెద్దోళ్ళ జోలికి పోదు అంటాడు. అయితే ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు డుటెర్టేని 2025 మార్చిలో విమానం ఎక్కించి హేగ్ తీసుకెళ్ళారు, అది ఆఫ్రికానా అని ఫ్రెండు. దానికి బాబాయ్ దగ్గర జవాబు లేదు, గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాడు, కానీ ఓడిపోయానని మాత్రం ఒప్పుకోడు. పందెం రెండు బిర్యానీలు.

నేను గ్రూప్స్‌కి చదువుతున్నా కాబట్టి తీర్పు నన్ను చెప్పమంటున్నారు. నా మెటీరియల్‌లో దీని మీద ఉన్నది నాలుగు లైన్లు. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో మనం గెలిచిన కోర్టు ఇదేనా? షేక్ హసీనాకి ఉరిశిక్ష వేసింది కూడా ఇదేనా? మనం ఇందులో ఎందుకు చేరలేదు? కాస్త అర్థమయ్యేలా చెప్పండి, మా బాబాయ్‌కి చదివి వినిపించాలి.

ఒంగోలు నల్లకోటు:

తమ్ముడూ, నేను ఒంగోలు కోర్టులో జూనియర్‌ని. ఇలాంటి కేసులు మన దగ్గరికి రావు, లా చదివేటప్పుడు నేర్చుకున్నదీ తర్వాత ఆసక్తి కొద్దీ చదివిందీ చెప్తున్నా.

ముందు మూడు కోర్టుల్ని విడదీసుకో. జాదవ్ కేసులో మనం పాకిస్తాన్ మీద వెళ్ళింది ఐసీజే, అంతర్జాతీయ న్యాయస్థానం. అది దేశానికీ దేశానికీ మధ్య తగాదాలు చూస్తుంది, మనిషిని బోనెక్కించదు. పుతిన్ మీద వారెంటు ఇచ్చింది ఐసీసీ, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ అనగానే మా సీనియర్ గారు క్రికెట్ అనుకున్నారు, ఆ సంగతి ఆయనకి చెప్పకండి). ఇది మనుషుల్నే విచారిస్తుంది, అదీ నాలుగే నేరాలకి. జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ. రెండూ హేగ్‌లోనే ఉండేసరికి పేపర్లు కూడా కలిపేస్తుంటాయి. ఇక హసీనాకి 2025 నవంబర్‌లో ఉరిశిక్ష వేసింది ఢాకాలోని ట్రైబ్యునల్. పేరులో అంతర్జాతీయ అని ఉంటుంది కానీ అది బంగ్లాదేశ్ 1973లో చేసుకున్న సొంత చట్టం కింద నడిచే లోకల్ కోర్టు. దాన్ని 2010లో ఏర్పాటు చేసింది హసీనా ప్రభుత్వమే, 1971 యుద్ధం నాటి నేరాల కోసం. హేగ్ కోర్టుకి అసలు ఉరిశిక్ష వేసే అధికారమే లేదు, మామూలుగా 30 ఏళ్ళు, మరీ ఘోరమైతే యావజ్జీవం.

ఇప్పుడు పుతిన్ సంగతి. ఈ ఐసీసీ కోసం 1998 జూలై 17న రోమ్‌లో ఒప్పందం రాసుకున్నారు, 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. నిందితుణ్ణి పట్టి అప్పగించే బాధ్యత ఆ ఒప్పందంలో చేరిన దేశాలకే. మనం సంతకమే పెట్టలేదు. పైగా పదవిలో ఉన్న దేశాధినేతని ఇంకో దేశం అరెస్టు చేయకూడదన్న పాత ఆనవాయితీ ఒకటుంది. కాబట్టి ఢిల్లీ పోలీసులు కదలలేదని మనం చట్టం తప్పినట్టు కాదు. మీ ఫ్రెండు ఆ పాయింటులో ఓడిపోయాడు.

మరి రష్యా కూడా సభ్యురాలు కాదు కదా, వాళ్ళ అధ్యక్షుడి మీద కేసు ఎలా పెట్టారు అని బాబాయ్ అడుగుతాడు చూడు. మన దగ్గర దొంగతనం ఏ స్టేషన్ పరిధిలో జరిగితే అక్కడ కేసు కడతారు, దొంగ ఆధార్ కార్డులో ఊరేదైనా సరే. ఇదీ అంతే. ఆరోపణ ఉక్రెయిన్ నేల మీద జరిగిన పని గురించి, ఉక్రెయిన్ ఈ కోర్టు అధికారాన్ని ఒప్పుకుంది.

అసలు చిక్కు వారెంటు అమలు దగ్గరే ఉంది. మా దగ్గరికొచ్చే క్లయింట్లు డిక్రీ, అంటే సివిల్ కేసులో తీర్పు, వచ్చిందంటే పండగ చేసుకుంటారు, సగం పని కూడా కాలేదని మేం చెప్పినా వినరు. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించమని ఈపీ అనే పిటిషన్ వేయాలి, కోర్టు అమీనా జప్తుకి వెళ్ళాలి, వెళ్ళేసరికి ఇంటికి తాళం, ఎదురింటి వాళ్ళని అడిగితే తెలీదంటారు, పోలీసు ప్రొటెక్షన్ కావాలని మళ్ళీ పిటిషన్. చీమకుర్తి వైపు ఒక క్వారీ ఓనరు మీద మా సీనియర్ తెచ్చిన డిక్రీ ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తోంది, ఆయన మాత్రం రోజూ ఊళ్ళో కారులో తిరుగుతూనే ఉంటాడు. హేగ్ కోర్టు పరిస్థితి అంతకంటే అన్యాయం, దానికి అమీనా కూడా లేడు. అమీనా పని చేయాల్సింది ప్రభుత్వాలే. చాలాసార్లు నిందితుడు కూడా ప్రభుత్వమే, లేదా ప్రభుత్వానికి కావలసినవాడు.

సభ్యదేశాలే మాట తప్పిన సందర్భాలు బోలెడు. సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద 2009లో వారెంటు వచ్చింది, డార్ఫర్ మారణకాండ కేసు. 2015 జూన్‌లో ఆయన జొహానెస్‌బర్గ్ సదస్సుకి వెళ్తే ఆయన దేశం దాటకుండా చూడమని ప్రిటోరియా హైకోర్టు ఆర్డరిచ్చింది. ప్రభుత్వ లాయర్లు ఇక్కడే ఉన్నాడండీ అని జడ్జికి చెప్తూ ఉండగానే ఆయన మిలిటరీ విమానాశ్రయం నుంచి ఎగిరిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన మన ఢిల్లీకీ వచ్చాడు, ఆఫ్రికా దేశాల సదస్సుకి. మనమేం చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. 2024 సెప్టెంబర్‌లో పుతిన్ మంగోలియా వెళ్ళాడు, ఆ దేశం సభ్యురాలే, అయినా గుర్రాల మీద సైనికుల్ని నిలబెట్టి స్వాగతం చెప్పింది. పెట్రోలు డీజిలు రష్యా నుంచి రావాలి మరి.

అందుకే మీ బాబాయ్ మాటలో సగం నిజముంది అంటున్నా.

అల్లూరు చెరువుగట్టు:

సగం ఏంది లాయర్ గారూ, మొత్తం నిజమే. మా రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోయింది, ఏరియేటర్ల దగ్గర రాత్రంతా కాపలా, నిద్ర ఎటూ లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

నా లెక్క సింపుల్. మా వనామి రొయ్య మీద 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసింది, కౌంటు రేటు ఎట్టా పడిందో మా చెరువుల మీద ఉన్నోళ్ళకి తెలుసు. అప్పుడు మా మొర ఎవరు విన్నారు? ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీవో అని ఒకటుందిగా, అదేం చేసింది? ప్రపంచంలో ఏ కోర్టు అయినా, ఏ సంస్థ అయినా బలమున్నోడి ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడాల్సిందే. ఈ హేగ్ కోర్టు కూడా అంతే.

చూడండి. 2002లో కోర్టు మొదలవుతుండగానే అమెరికా ఒక చట్టం చేసుకుంది, తమ సైనికుణ్ణి ఎవరైనా హేగ్‌లో పెడితే విడిపించుకోవడానికి అధ్యక్షుడు ఏమైనా చేయొచ్చని. హేగ్ మీద దండయాత్ర చట్టం అని జనం పేరు పెట్టారు దానికి. క్లింటన్ పెట్టిన సంతకాన్ని బుష్ వచ్చి చెల్లదన్నాడు. ఆఫ్ఘనిస్తాన్‌లో తమ వాళ్ళు చేసినవి కూడా చూస్తామని ప్రాసిక్యూటర్ అంటే 2020లో ఆవిడ మీదే ఆంక్షలు. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద 2024 నవంబర్‌లో వారెంటు రాగానే 2025లో మళ్ళీ ఆంక్షలు, ఈసారి కొత్త ప్రాసిక్యూటర్‌తో పాటు జడ్జీల మీద కూడా. ఒక ఫ్రెంచి జడ్జి చెప్పుకున్నాడు, కార్డులు పనిచేయట్లేదు, అమెరికా కంపెనీల అకౌంట్లన్నీ మూసేశారని. జడ్జి ఏదో దేశంలో కూర్చుని తన పని తాను చేసుకుంటే హోటల్ రూము బుక్ చేసుకోలేని పరిస్థితి. మా రొయ్యకి సుంకం, ఆయన కార్డుకి తాళం, చేసింది ఒకళ్ళే.

అమెరికానే ఎందుకు, సభ్యులైన యూరప్ వాళ్ళు మాత్రం? 2025 ఏప్రిల్‌లో నెతన్యాహు హంగరీ వెళ్తే పట్టుకోవాల్సిన ప్రభుత్వం అదే రోజు మేం ఈ కోర్టులోంచి బయటికి పోతున్నాం అని ప్రకటించింది. ఇటలీ అయితే ఇంకా ముచ్చట. లిబియా జైళ్ళలో చిత్రహింసల కేసులో వారెంటున్న పోలీసు అధికారిని 2025 జనవరిలో పట్టుకుంది, రెండ్రోజులకే ప్రభుత్వ విమానంలో దర్జాగా ట్రిపోలీలో దింపి వచ్చింది. లిబియా నుంచి వలస పడవలు రాకుండా ఆపేది ఆ బాపతు వాళ్ళేగా, ఎందుకు చెడగొట్టుకుంటారు.

కెన్యా కథ చెప్తే మీ బాబాయ్ ఇంకో టీ ఫ్రీగా పోస్తాడు. 2007 ఎన్నికల తర్వాత అక్కడ రెండు వర్గాలు కొట్టుకుని వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. మా దేశంలోనే ప్రత్యేక కోర్టు పెట్టుకుంటాం అని బిల్లు తెస్తే వాళ్ళ ఎంపీలే ఓడగొట్టారు. మధ్యవర్తిగా ఉన్న కోఫీ అన్నన్ నిందితుల పేర్లున్న కవరు తీసుకెళ్ళి 2009లో హేగ్‌కి ఇచ్చేశాడు. అందులో పెద్ద తలకాయలు కెన్యాటా, రూటో, గొడవల్లో చెరో వైపు ఉన్నవాళ్ళు. కేసు వాళ్ళిద్దర్నీ వియ్యంకుల్ని చేసేసింది. ఇద్దరూ కలిసి 2013లో పోటీ చేశారు, బయటివాడి కోర్టు మన మీద పెత్తనమా అని ఊరూరా చెప్పారు, గెలిచారు. ఒకాయన ప్రెసిడెంటు, ఒకాయన డిప్యూటీ ప్రెసిడెంటు. తర్వాత సాక్షులు ఒక్కొక్కరే అడ్డం తిరిగారు, కొందరు దొరకలేదు. 2014లో కెన్యాటా మీద కేసు వెనక్కి, 2016లో రూటో మీద కేసు కొట్టివేత. ఇప్పుడు రూటోనే ప్రెసిడెంటు. మన ఫ్యాక్షన్ ఊళ్ళ రాజీకి దీనికీ తేడా ఏముందో నాకైతే కనపడలా.

ఆఫ్రికా వాళ్ళకి కోపం రాక ఏం చేస్తుంది.

పొదిలి ఫౌజీ:

నేను రిటైర్డ్ హవల్దార్‌ని, మాది పొదిలి దగ్గర పల్లెటూరు. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో కాంగో వెళ్ళి వచ్చాను, 2010 ప్రాంతంలో గోమా అనే ఊరి దగ్గర మన బ్రిగేడ్ ఉండేది. చట్టాలు నాకు తెలియవు, చూసింది చెప్తా.

గోమా నెత్తిన అగ్నిపర్వతం, పక్కన పెద్ద సరస్సు, అటు దాటితే రువాండా. నేలంతా నల్లటి లావా రాయి, మా మార్కాపురం పలకల్లా చెప్పు కింద కరకరలాడేది. ఆ ఊళ్ళో బోస్కో ఎన్టగాండా అని ఒక జనరల్ ఉండేవాడు. చిన్న పిల్లల చేతికి తుపాకులిచ్చాడని ఆయన మీద హేగ్ వారెంటు అప్పటికే బయటపెట్టి రెండేళ్ళయింది. దాక్కున్నాడనుకుంటున్నారా? టెన్నిస్ ఆడతాడు, పెద్ద హోటళ్ళలో భోంచేస్తాడు, కాన్వాయ్‌లో తిరుగుతాడు అని ఊరంతా చెప్పుకునేది. మా కుర్రాళ్ళు అడిగేవాళ్ళు, సార్ మనం పట్టుకోవచ్చు కదా అని. ఎట్లా పట్టుకుంటాం, ఆయన కాంగో ప్రభుత్వ సైన్యంలో జనరల్, మేం ఆ ప్రభుత్వానికి సాయం చేయడానికి వచ్చినవాళ్ళం. మాకొచ్చిన ఆర్డర్లలో ఆయన పేరు లేదు.

తర్వాత చదివితే తెలిసింది, మా దేశంలో నేరాలు విచారించండి అని 2004లో హేగ్‌కి ఫిర్యాదు ఇచ్చిందే ఆ కాంగో ప్రభుత్వం. వారెంటొచ్చిన మనిషికి 2009లో జనరల్ హోదా ఇచ్చి పక్కన పెట్టుకున్నదీ అదే ప్రభుత్వం. అడిగితే ముందు శాంతి తర్వాత న్యాయం అనేవాళ్ళు. నాకు అప్పట్లో అది తప్పు అనిపించలేదు, నిజం చెప్తున్నా. మళ్ళీ కాల్పులు మొదలైతే శవాల్ని చూడాల్సింది మేమే కదా, ఆయన టెన్నిస్ ఆడుకుంటే ఆడుకోనీ అనుకునేవాణ్ణి.

ఆ శాంతి మూడేళ్ళు నిలిచింది. 2012లో ఆయనే తిరగబడ్డాడు. ఆ తర్వాత ఆయన గ్యాంగులోనే చీలిక వచ్చి, సొంతవాళ్ళే చంపేస్తారన్న భయంతో సరిహద్దు దాటి 2013 మార్చిలో రువాండాలోని అమెరికా ఎంబసీకి తనంతట తనే నడిచి వెళ్ళి నన్ను హేగ్ పంపించండి అన్నాడు. రువాండా సభ్యురాలు కాదు, అమెరికా సభ్యురాలు కాదు, ఆయన్ని అప్పగించింది మాత్రం వాళ్ళే. 2019లో 30 ఏళ్ళ శిక్ష పడింది.

అల్లూరు అన్నా, మీరు చెప్పినవన్నీ కరెక్టే. కానీ ఆ తుపాకులు మోసిన పిల్లల్ని నేను చూశా, మా చిన్నోడి వయసు వాళ్ళు. ఆ వారెంటు కాగితం లేకపోతే ఆయన ఎంబసీకి వెళ్ళి ఏమని అడిగేవాడు?

ఒంగోలు నల్లకోటు:

ఫౌజీ గారూ, సెల్యూట్. నేను చెప్పాలనుకుని వదిలేసిన రెండో సగం మీరే చెప్పేశారు.

మన సివిల్ డిక్రీకి 12 ఏళ్ళు దాటితే ఈపీ వేయడానికి లిమిటేషన్, అంటే గడువు, అయిపోతుంది. మా క్వారీ ఓనరు ఎదురుచూసేది దానికోసమే. హేగ్ కోర్టు నేరాలకి లిమిటేషన్ అనేదే లేదు. వారెంటు ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. అవతలి మనిషికి మాత్రం పదవి అలాగే ఉండదు.

డుటెర్టే సంగతే తీసుకోండి. మాదకద్రవ్యాల వ్యాపారులంటూ ఆయన హయాంలో పోలీసులు చంపినవాళ్ళు ప్రభుత్వ లెక్కల్లోనే 6 వేలు దాటారు. హేగ్ కదలగానే ఆయన దేశాన్నే ఒప్పందంలోంచి బయటికి తీసుకొచ్చాడు, 2019 మార్చిలో అది అమల్లోకి వచ్చింది. ఇక అయిపోయింది అనుకున్నారు. కానీ సభ్యులుగా ఉన్న కాలంలో జరిగినవాటికి కోర్టు అధికారం పోదు. తర్వాత వచ్చిన మార్కోస్ కూడా మొదట్లో హేగ్‌కి సహకరించేది లేదన్నాడు, ఎందుకంటే డుటెర్టే కూతురే ఆయన వైస్ ప్రెసిడెంటు. రెండు కుటుంబాలకీ చెడింది. చెడిన కొన్నాళ్ళకే మనీలా ఎయిర్‌పోర్టులో దిగిన డుటెర్టేని అక్కడి పోలీసులే పట్టుకుని అదే రోజు రాత్రి విమానం ఎక్కించారు. సెర్బియా నాయకుడు మిలోసెవిచ్‌దీ ఇలాంటిదే, యుగోస్లావియా కోసం పెట్టిన వేరే కోర్టు అనుకోండి. 2001లో సెర్బియాకి విదేశీ సాయం మీద మీటింగు ఉందనగా ముందు రోజు ఆయన్ని హేగ్‌కి అప్పగించారు.

అంటే పట్టించింది ఇంటి తగాదా, లేదా డబ్బు అవసరం. ఇది గొప్ప న్యాయం అని నేననను. మా కోర్టులో కూడా అన్నదమ్ములకి చెడ్డప్పుడే పాత డాక్యుమెంట్లు బయటికొస్తాయి. కాకపోతే బయటికొచ్చే రోజుకి డాక్యుమెంటు అంటూ ఒకటి ఉండాలి కదా.

చీరాల టీచరమ్మ:

మనం ఎందుకు చేరలేదు అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. డిగ్రీ కాలేజీలో పాలిటిక్స్ చెప్తాను, చీరాల. (మమ్మల్నీ ప్రకాశం నుంచి తీసి బాపట్లలో కలిపారు బాబూ, నీ బాధ నాకు తెలుసు.)

రోమ్‌లో ఓటింగు జరిగినప్పుడు 120 దేశాలు అవునన్నాయి, 7 వద్దన్నాయి, అందులో అమెరికా, చైనా, ఇజ్రాయెల్ ఉన్నాయి. 21 దేశాలు తటస్థం, మనం అందులో. మన అభ్యంతరాల్లో మొదటిది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి. ఎవరి మీదైనా కేసు పంపే అధికారం మండలికి ఇచ్చారు, నడుస్తున్న కేసుని ఏడాది పాటు ఆపమనే అధికారమూ ఇచ్చారు. అమెరికా, రష్యా, చైనా తాము చేరకుండానే ఇంకొకళ్ళని బోనులోకి పంపగలవు, తమ మీదికొస్తే వీటో వేయగలవు. ఇది అల్లూరు గారు చెప్తున్న మాటే, 1998లోనే మన ప్రతినిధులు చెప్పారు. సరైన మాట కూడా. రెండోది, ఉగ్రవాదాన్ని జాబితాలో పెట్టలేదు. మూడోది, అణ్వాయుధ ప్రయోగాన్ని నేరంగా చేర్చమని అడిగాం, చేర్చలేదు. అప్పటికి మనం పోఖ్రాన్‌లో పరీక్షలు చేసి రెండు నెలలే అయింది, ఆ విషయం క్లాసులో చెప్తే పిల్లలు నవ్వుతారు.

పైకి చెప్పేవి ఇవి. దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణల్ని కూడా ఆ కోర్టు పరిధిలో పెట్టడం మనకి నచ్చలేదు. కశ్మీర్, ఈశాన్యం ఉన్న దేశానికి ఎందుకు నచ్చదో వేరే చెప్పక్కర్లేదు. మా కోర్టులు మాకున్నాయి, బయటివాళ్ళ అవసరం లేదు అన్నది మన వాదన సారాంశం.

సరే, బయటి కోర్టు వద్దు. ఒప్పుకుందాం. మరి మన చట్టంలో ఆ నేరాలు ఉన్నాయా? జాతి నిర్మూలన ఒప్పందాన్ని మనం 1959లో ఆమోదించాం, దానికి తగ్గ చట్టం ఇప్పటికీ చేయలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో సజ్జన్ కుమార్‌కి 2018 డిసెంబర్‌లో శిక్ష వేస్తూ ఢిల్లీ హైకోర్టు ఇదే రాసింది, మానవాళిపై నేరాలుగానీ జాతి నిర్మూలనగానీ మన దేశీయ చట్టంలో నేరాలుగా లేవు, ఈ లోటు తీర్చాలి అని. జరిగిన 34 ఏళ్ళకి ఆ మాట. తర్వాత శిక్షాస్మృతిని మొత్తం మార్చి 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహిత తెచ్చారు, అందులోనూ వాటికి చోటు దొరకలేదు.

ఇంకొకటి చెప్పాలి. రోమ్ ఒప్పందం కుదిరిన జూలై 17ని ప్రపంచమంతా అంతర్జాతీయ న్యాయ దినం అంటారు. మా చీరాలలో జూలై 17 అంటే కారంచేడు. 1985లో ఆ రోజు ఆరుగురు మాదిగల్ని చంపారు, మిగిలినవాళ్ళు పారిపోయి మా ఊరొచ్చి తలదాచుకున్నారు. నేను అప్పటికి చిన్నపిల్లని, గుడారాల దగ్గరికి మా అమ్మ అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళడం గుర్తుంది. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది. లెక్క వేసుకోండి, 23 ఏళ్ళు. మా కోర్టులు మాకున్నాయి అని దేశం చెప్పుకున్నప్పుడల్లా నాకు ఆ అన్నం గిన్నె గుర్తొస్తుంది.

ఒంగోలు నల్లకోటు:

మేడం, ఒక్క మాట కాదనాలి. కారంచేడు హేగ్‌కి వెళ్ళే కేసు కాదు, జనం మీద పద్ధతి ప్రకారంగానీ పెద్ద ఎత్తునగానీ జరిగే దాడులకే మానవాళిపై నేరం అన్న పేరు వర్తిస్తుంది. ఆలస్యం వేరు, అసలు విచారించే ఉద్దేశమో శక్తో లేకపోవడం వేరు. రెండోది ఉంటేనే హేగ్ వస్తుంది, మొదటిదానికి మామూలుగా రాదు.

చీరాల టీచరమ్మ:

కారంచేడుని హేగ్ తీసుకెళ్ళమని నేను అనలేదు నాయనా. 1989లో అట్రాసిటీ చట్టం వచ్చిందంటే కారంచేడు జనం రోడ్డెక్కడం వల్ల, ఏ ఒప్పందం వల్లా కాదు. నేనడిగేది ఇంకా చిన్న విషయం. అమీనా లేడని హేగ్ కోర్టుని వెక్కిరించే ముందు మన ఇంట్లో చట్టం పుస్తకం ఉందో లేదో చూసుకోవాలా వద్దా? ఆలస్యానికీ ఉద్దేశం లేకపోవడానికీ మధ్య గీత ఎక్కడుందో 23 ఏళ్ళు ఆ కోర్టు మెట్లు ఎక్కినవాళ్ళని అడగండి, మీరూ నేనూ చెప్పేది కాదు.

అల్లూరు చెరువుగట్టు:

మేడం గారి మాటకి నా దగ్గర ఎదురు లేదు. అయినా నా పాయింటు నాదే. పుతిన్‌నో నెతన్యాహునో వాళ్ళు పదవిలో ఉండగా బోనులో నిలబెట్టిన రోజు చెప్పండి, చెరువు మీద అందరికీ రొయ్యల వేపుడు నాది. తెల్లారింది, మేత వేయాలి.

కందుకూరు కుర్రోడు:

అందరికీ థాంక్స్. మొత్తం ఫోన్‌లో చదివి వినిపించా, కెన్యా దగ్గర నిజంగానే టీ ఫ్రీగా పోశాడు. కారంచేడు దగ్గర కొట్టులో ఎవరూ మాట్లాడలేదు, మా వీధి పెద్దాయన ఒకరు మాత్రం గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

పందెం సంగతి. పుతిన్‌ని ఢిల్లీలో పట్టుకోవాల్సిన పని లేదు కాబట్టి ఫ్రెండు ఓడాడు, డుటెర్టే కథ ఉంది కాబట్టి ఉత్త కాగితాల కోర్టు అన్న బాబాయ్ కూడా ఓడాడు, కాబట్టి ఇద్దరూ నాకు చెరో బిర్యానీ ఇప్పించాలి అని తీర్పు చెప్పా. ఫ్రెండు ఒప్పుకున్నాడు. బాబాయ్ ఏమంటాడంటే, ఆ వారెంటుకి లిమిటేషన్ లేదన్నారుగా, నా బిర్యానీకి కూడా లేదు, పుతిన్ దిగిపోయాక రా చూద్దాం అంటున్నాడు.

ఒంగోలు నల్లకోటు:

ఈపీ వేయి తమ్ముడూ. అమీనాని నేను తీసుకొస్తా.